వాత వేసిన కవరు

డ్యూయేన్ షాఫ్నర్ లోపలికి వచ్చేటప్పటికి అతని కుడిచేతి కణుపులు చిట్లి ఉన్నాయి. ఆ నెత్తురు అతనిదా పశువుదా అని పన్ను కాగితాలు రాసిపెట్టే ఆర్లో నట్సన్ అడగలేదు. ఫిబ్రవరి ఆఖర్లో ఆ చుట్టుపక్కల ఎవరి చేతులు చూసినా అంతే. ఆవులు ఈనే రోజులూ పన్ను కాగితాలు పంపే రోజులూ డకోటాలో ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. పశువుల మీద బతికేవాళ్లకి గడువు మార్చి ఒకటో తేదీ. ఆర్లో బల్ల మీదికి వచ్చే చీటీల్లో నెత్తురు మరకో ఉమ్మనీటి మరకో లేనివి తక్కువ.

వెర్నా దాణా కొట్టు వెనక, బళ్లు తూచే చోటికి ఆనుకుని ఉన్న చిన్న గది అది. ఒక బల్ల, ఒక ఇనుప పొయ్యి, మూడు కుర్చీలు. గోడ నిండా మేకులు, మేకుకొక గోధుమరంగు కవరు. కవర్ల మీద పేర్లుండవు, వాతలుంటాయి. ఏ ఇంటివాళ్లు తమ పశువుల తొడ మీద ఏ గుర్తు కాలుస్తారో ఆ గుర్తే కవరు మీద గీసి ఉంటుంది. షాఫ్నర్లది గీత మీద కొక్కెం. తాత పోయినా తండ్రి పోయినా కవరు మారదు. పిల్లల కాగితాలు కూడా అందులోకే పోతాయి, వాళ్లు పెద్దయి సొంత వాత రాయించుకునేదాకా. నలభై ఏళ్లుగా ఆ గదికి తాళం లేదు. ఎవరికి కావాల్సినప్పుడు వాళ్లు వచ్చి తమ కవరు తీసుకుంటారు, చీటీలు వేస్తారు, మళ్లీ మేకుకి తగిలిస్తారు.

"నా కూతురి కాగితం ఏది?" అన్నాడు డ్యూయేన్.

"కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. ఫీజు ఎంత కట్టామో కాలేజీ వాళ్లు రాసి జనవరిలో పంపుతారు చూడు, అది. పోయినేడు ఇంటికే వచ్చింది. ఈ ఏడు రాలేదు."

"మధ్యలో మానేసిందిగా. ఆలస్యమవుతుందేమో."

"మానేస్తే ఫీజు మీద వచ్చే పన్ను రాయితీ పోతుందా?"

"పోదు. వాళ్లు తిరిగిచ్చిన ఫీజు తీసేస్తే మిగిలినదాని మీద వస్తుంది."

"ఎవరికి వస్తుంది?"

ఆర్లో కలం కింద పెట్టాడు. అతనికి కుడిచేతికి బొటనవేలు లేదు. ముప్ఫై ఒకటో ఏట గుర్రం మీంచి ఎద్దుకి ఉచ్చు విసిరి, మోకుని జీను కొమ్ముకి చుడుతుంటే వేలు మధ్యలో పడింది. ఎద్దు ఆగింది, వేలు ఆగలేదు. కలాన్ని రెండు వేళ్ల సందున ఇరికించుకుని రాస్తాడు.

"ఆ పిల్లని నీ కాగితంలో నీ మీద ఆధారపడ్డ మనిషిగా రాసుకుంటే నీకు. రాసుకోకపోతే ఆ పిల్లకే," అన్నాడు.

డ్యూయేన్ నవ్వాడు. "రాసుకోకపోవడమేంటి ముసలోడా? ఫీజు కట్టింది నా దూడలు. పిల్ల నాది. దాని తొడ మీద వాత వెయ్యలేదని బయటికి పారిపోతే నాది కాకుండా పోతుందా?"

ఆర్లో బల్ల మీది చీటీలు సర్దాడు.

"నీకేమన్నా రాసిందా అది?"

"లేదు."

"నిజం చెప్పు."

"చెప్పానుగా."

డ్యూయేన్ పొయ్యి మీద మరుగుతున్న కాఫీ గిన్నె తీశాడు. బల్ల అవతలి కొసనుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పోసుకుంటూ వచ్చాడు. కాఫీ కాగితాల మీదుగా, లెక్కలు వేసే యంత్రం మీదుగా పాకి ఆర్లో కుడిచెయ్యి దగ్గరికి వచ్చింది. ఆర్లో చెయ్యి తియ్యలేదు. కాఫీ బొటనవేలు ఉండాల్సిన చోట మడుగు కట్టి, మణికట్టు కిందికి జారింది. చర్మం ఎర్రబడింది.

"ఊఁ," అన్నాడు డ్యూయేన్. "నువ్వు అబద్ధమాడే రకం కాదులే. ఆడే రకమైతే ఇలాంటి బొక్కలో కూర్చుని మా చీటీలు ఏరుకుంటావా?"

గిన్నె నేల మీద పడేశాడు. పోతూ పోతూ గోడ దగ్గర ఆగి గీత మీద కొక్కెం ఉన్న కవరు మేకు మీంచి లాగి చంకలో పెట్టుకున్నాడు. "మొన్న సంతలో అమ్మిన దూడల చీటీలు ఇంట్లో ఉన్నాయి. వేసి రేపు తెస్తా," అన్నాడు. తలుపు వేసిన ఊపుకి నాలుగు కవర్లు రాలి పడ్డాయి.

ఆర్లో చెయ్యి మంచులో ముంచి వచ్చి, బల్ల సొరుగు తెరిచాడు. డార్సీ షాఫ్నర్ ఉత్తరం అందులోనే ఉండాలి. నాలుగు రోజుల కింద వచ్చింది, చదివి సొరుగులో పెట్టాననే అతని నమ్మకం.

సొరుగులో లేదు. కింది సొరుగులో లేదు. కోటు జేబులో లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఉత్తరం చదువుతుంటే బయట ఎండుగడ్డి లారీ గోడకి గుద్దుకుందని వెర్నా కేకేసింది. లేచాడు. లేస్తూ, నలభై ఏళ్లుగా ఏ ఇంటి పిల్ల కాగితం వచ్చినా ఏం చేస్తాడో అదే చేశాడు. మనసు లారీ మీద ఉంది. చెయ్యి తన దారిన తాను పోయి షాఫ్నర్ల కవరులో పడేసింది.

'రాయలేదు' అని తను అబద్ధం చెబుతున్నంతసేపూ ఆ ఉత్తరం వాడి వీపుకి బారెడు దూరంలో వేలాడుతూ ఉంది.

కాలేజీ కాగితం మీది అడ్రసు తను చదవలేదు గాని, ఉత్తరంలో ప్రతి మాటా గుర్తుంది. "ఆర్లో గారూ, అక్టోబరులో చదువు మానేశానని మీరు వినే ఉంటారు. కాలేజీ వాళ్లు ఈ కాగితం పంపారు. కొత్త అడ్రసు వాళ్లకి ఇవ్వక తప్పలేదు, అది దీని మీదే అచ్చేశారు. మానేసినదానికి నాకేమన్నా వస్తుందా, ఎదురు కట్టాలా, చెప్పండి. అమ్మ నా దగ్గరే ఉంది. దవడకి మళ్లీ కోత పడుతుందట, ఇంకా గొట్టంతోనే తాగుతోంది. ఈ అడ్రసు ఎవరి కంటా పడనివ్వకండి. మీరు పడనివ్వరని అమ్మ అంది."

అమ్మ అంటే లొరెట్టా. పద్దెనిమిదేళ్లు ప్రతి ఫిబ్రవరిలోనూ మొగుడి పక్కన ఆ మూడో కుర్చీలో కూర్చునేది. ఒక ఏడాది విరిగిన వేలికి పుల్ల కట్టుకుని వచ్చింది. ఒక ఏడాది కన్ను పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంది. ఒక ఏడాది కుర్చీలో ఆనుకోలేక అంచు మీదే కూర్చుంది. కాగితం అయిపోయాక ఆర్లో ఎవరినైనా అడిగినట్టే ఆమెనీ అడిగేవాడు, "ఇంకేమన్నా ఉందా?" అని. అప్పటికే కలానికి మూత సగం పెట్టి ఉండేవాడు. ఆమె బల్ల వైపు చూసి "అంతే" అనేది.

పోయిన అక్టోబరులో, ఈత కష్టమైనప్పుడు దూడల్ని బయటికి లాగే జాక్‌కి ఉండే ఇనుప కడ్డీతో డ్యూయేన్ ఆమె దవడ రెండు ముక్కలు చేశాడు. వాడు సంతకు పోయిన పూట డార్సీ కాలేజీనుంచి వచ్చి తల్లిని బండిలో వేసుకుని పోయింది. ఆ వారమే చదువు మానేసింది. డ్యూయేన్ కాలేజీకి పోయి, కూతురు ఉండిన గది తలుపు తన్ని పగలగొట్టి, లోపల ఉన్న వేరే పిల్లని జుట్టు పట్టి ఈడ్చి, ఒక రాత్రి జైల్లో ఉండి వచ్చాడు. అప్పట్నుంచి ఆదివారాలు రైఫిలు బండిలో పెట్టుకుని ఊళ్లెంట తిరుగుతున్నాడు. దొరికితే ఇద్దర్నీ ఒకే గోతిలో పెడతానని బార్లో పదిమంది ముందు అన్నాడు. పదిమందీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. అందులో ఆర్లో ఒకడు.

ఆర్లో కొట్లోకి వచ్చి, "షెరీఫుకి ఫోన్ చెయ్యి," అన్నాడు వెర్నాతో.

వెర్నా ఉప్పు దిమ్మలు పేరుస్తోంది. "ఏం చేశాడు వాడు? చెయ్యి అలా ఉందేంటి?"

"కవరు తీసుకెళ్లాడు. అందులో డార్సీ అడ్రసుంది."

"ఆ కవర్లోకి ఎట్లా వచ్చింది?"

"నేనే పెట్టాను."

వెర్నా అతని మొహంలోకి చూసింది. ఫోన్ తీసింది. అవతలి మనిషి మాట కొంతసేపు విని, "అమ్మా, చంపేదాకా ఆగితే అప్పుడు నేరమవుతుందా? నువ్వు కుర్చీలోంచి లేచేదానివేనా?" అని అరిచింది. పెట్టేసి అంది, "షెరీఫు డిప్యూటీ రీస్ పెద్ద రోడ్డు మీద బోల్తాపడ్డ పశువుల లారీ దగ్గరున్నాడట. కాళ్లు విరిగిన పశువుల్ని కాల్చి పారేస్తున్నాడట. గంటన్నర అంటోంది. తన కవరు తాను పట్టుకుపోతే నేరమేంటి అంటోంది."

"డార్సీ ఫోన్ నంబరు?"

"నాకేం తెలుసు? ఎవరికీ ఇవ్వలేదుగా."

ఆర్లో టోపీ పెట్టుకున్నాడు.

"నువ్వెక్కడికి?" అంది వెర్నా. "నీకు అరవై ఎనిమిది. చేతికి నాలుగు వేళ్లు. వాడు నిన్ను గడ్డి నలిపినట్టు నలిపేస్తాడు."

"వాడు ఇంకా కవరు తెరిచి ఉండకపోవచ్చు."

"తెరిచి ఉంటే?"

ఆర్లో తన బండి తాళం తీసుకుని బయటికి నడిచాడు.

పదకొండు మైళ్లు. గాలికి మంచు రోడ్డు మీద పాములా అడ్డంగా పాకుతోంది. షాఫ్నర్ల గేటు దాటాక అతనికి మొదట కనబడింది డ్యూయేన్ పికప్. మూతి రోడ్డు వైపు తిరిగి ఉంది. ఇంజను ఆడుతోంది. తలుపు తీసి ఉంది. సీటు మీద రైఫిలు, పక్కన తూటాల డబ్బా, చించిన గోధుమ కవరు. దూడల చీటీలు కింద చెల్లాచెదరుగా ఉన్నాయి. ఉత్తరమూ కాలేజీ కాగితమూ మాత్రం లేవు.

వాడు చదివాడు. బయలుదేరబోతూ ఆగాడు. ఎందుకాగాడో కొట్టంలోంచి వచ్చిన అరుపు చెప్పింది. తొలిచూలు పెయ్య నొప్పులు పడుతోంది. ఈనుతున్న పెయ్యని వదిలిపెట్టి ఆ చుట్టుపక్కల ఎవడూ ఎక్కడికీ పోడు, మనిషిని చంపడానికైనా సరే.

ఆర్లో బండిలోకి వంగి ఇంజను ఆపి, తాళం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. రైఫిలు మీద చెయ్యి వేశాడు.

"ఎవరక్కడ?" కొట్టంలోంచి కేక. "ఎందుకాపావు ఇంజను?"

డ్యూయేన్ తలుపు దగ్గరికి వచ్చాడు. మోచేతుల పైదాకా తడి. ఆర్లో రైఫిలు మీంచి చెయ్యి తీసేశాడు.

"పొగ కొట్టంలోకి పోతోంది. పెయ్యకి ఊపిరాడదు," అన్నాడు.

డ్యూయేన్ అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఎందుకొచ్చావని అడగలేదు. "మంచి వేళకే వచ్చావు," అన్నాడు. "రా. ఇంకో మనిషి లేక చస్తున్నా. దూడ పెద్దది."

ఎందుకొచ్చాడో ఇద్దరికీ తెలుసు.

కొట్టంలో ఇనుప కమ్మీల దొడ్డి. దానికి ఒక పక్క పెయ్య మెడ బిగించే చట్రం, చట్రం గడియకి కట్టిన తాడు కమ్మీల అవతలికి వేలాడుతోంది. చట్రంలో బిగించిన నల్ల పెయ్య కాళ్లు ఎడం పెట్టి వణుకుతోంది. వెనకనుంచి రెండు గిట్టలు, వాటి మధ్య వాచిన నాలుక కొస. డ్యూయేన్ చెయిన్లు తగిలించి జాక్ బిగించి ఉంచాడు. ఆర్లో చేతులు కడుక్కునే నెపంతో నీళ్ల తొట్టి మీద వంగి, తాళం అందులోకి జారవిడిచాడు.

డిప్యూటీ రావడానికి గంటన్నర అన్నారు. అందులో అరగంట అయిపోయి ఉంటుంది. ఒక గంట నెట్టాలి.

"చెయిన్లు తప్పుగా వేశావు," అన్నాడు. "గిట్ట పైన ఒక చుట్టే ఉంది. కాలు విరుగుతుంది. తీసి రెండు చుట్లు వెయ్యాలి."

"లాగేద్దాం."

"విరిగిన దూడని ఏం చేసుకుంటావు? దాని రేటెంతో నాకంటే నీకే తెలుసు."

డ్యూయేన్ పళ్లు కొరుకుతూ చెయిన్లు విప్పాడు. ఆర్లో వాటిని ఒక్కొక్క కొలుకూ సర్ది కట్టాడు. పెయ్య ముక్కినప్పుడే లాగాలన్నాడు, అది ఆగినప్పుడు ఆగాలన్నాడు. నూనె పట్టించాడు. మళ్లీ పట్టించాడు. ఊళ్లో అతనికంటే బాగా దూడల్ని తీసేవాడు లేడు, కాబట్టి డ్యూయేన్ కొంతసేపు విన్నాడు.

"ర్యాపిడ్ సిటీ," అన్నాడు డ్యూయేన్ ఉన్నట్టుండి, జాక్ పిడి మీద చేతులుంచి. "రెండో అంతస్తు. నీకు తెలుసుగా?"

"పెయ్య ముక్కుతోంది. జాక్ ఒక పన్ను జరుపు."

"నాలుగు నెలలు వెతికాను ఆర్లో. చివరికి కాలేజీ వాళ్లే కాగితం మీద అచ్చేసి పంపారు." గొంతులో నవ్వు. "రాయితీ కోసం రాసిందట. నా ఫీజు, దాని రాయితీ. ముందు దాన్ని కాలుస్తా, వాళ్లమ్మ చూస్తుండగా. తర్వాత వాళ్లమ్మని. దవడ మిగిలిన సగం కూడా సరిచేస్తా."

"ఆగు. పెయ్య ఆగింది."

"నువ్వు కావాలని తాత్సారం చేస్తున్నావు."

"తొందరపడితే చిరుగుతుంది."

"చిరగనీ."

డ్యూయేన్ బరువంతా వేసి పిడి లాగాడు. పెయ్య గావుకేక పెట్టింది. చట్రం కమ్మీల నుంచి ఊడొస్తుందేమో అన్నట్టు ఊగింది. చర్మం చిరిగిన చప్పుడు, వెచ్చటి నెత్తురు ఇద్దరి మోకాళ్ల మీదా. భుజాలు వచ్చాయి, నడుము వచ్చింది, దూడ బస్తాలా గడ్డిలో పడింది. కదలదు. ఆర్లో దాని ముక్కులో గడ్డి పరక దూర్చాడు, నోట్లోంచి జిగురు లాగేశాడు, పక్కటెముకల మీద చరిచాడు. దూడ ఒక్కసారి తుమ్మి, తల ఎత్తి సన్నగా అరిచింది. చట్రంలో పెయ్య ఆ అరుపు విని మెడ తిప్పాలని గింజుకుంది.

డ్యూయేన్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని బయటికి నడిచాడు. ఆర్లో లెక్కపెట్టుకున్నాడు. పది లెక్కపెట్టేలోపు వాడు తిరిగి వచ్చాడు.

"తాళం."

ఆర్లో దూడ పక్కనే మోకాళ్ల మీద ఉన్నాడు.

"తాళం ఏది ముసలోడా?"

"పారేశాను."

జాక్ నుంచి ఇనుప కడ్డీ ఊడదీసిన చప్పుడు వినబడింది. మొదటి దెబ్బ ఎడమ పక్కటెముకల మీద పడింది. ఎండు కొమ్మ విరిగినట్టు లోపల ఏదో విరిగింది. రెండోది భుజం మీద. మూడోదానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు, మోచెయ్యి మొద్దుబారిపోయింది. కింద పడ్డాక డ్యూయేన్ బూటు అతని కుడిచేతి మీద వేసి మడమ తిప్పాడు.

"ఎక్కడ పారేశావు?"

"మంచులో."

"ఎటువైపు?"

ఆర్లో నోరు తెరిస్తే నెత్తురు వచ్చింది. "నువ్వే వెతుక్కో."

ఇంకో దెబ్బ. ఇంకోటి. చెవిలో గంటలు మోగాయి. ఆర్లో దొర్లాడు. కమ్మీల కింద జానెడు సందుంది. అందులోంచి ఒళ్లు గీరుకుపోతుంటే అవతలికి, పెయ్య తల ఉన్న వైపుకి దొర్లాడు. డ్యూయేన్ కమ్మీల మీంచి వంగి అతని కోటు పట్టుకుని లాగాడు. జేబు చిరిగింది. గడ్డిలో ఏదో గలగల్లాడింది.

డ్యూయేన్ వంగి చూశాడు. కమ్మీల సందులోంచి చెయ్యి దూర్చి దాన్ని తీశాడు. ఆర్లో బండి తాళం.

"ఓరి పిచ్చిముండాకొడకా," అన్నాడు దాన్ని ఆడిస్తూ. "నాది దాచిపెట్టి నీది జేబులో వేసుకొచ్చావా? నీ బండి చాలు నాకు."

ఆ సంగతి ఆర్లోకి తోచనే లేదు.

డ్యూయేన్ కడ్డీ పారేసి దొడ్డి గేటు వైపు నడిచాడు. గేటు లోపలికి తెరుచుకుంటుంది. దూడ దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా దానికి ఆనుకుని, ముందుకాళ్ల మీద లేవబోయి పడుతోంది. డ్యూయేన్ దాన్ని బూటుతో తన్నాడు. జరగలేదు. వెనక కాలు పట్టుకుని పక్కకి ఈడ్చాడు. దూడ గొంతు చించుకుని అరిచింది. పెయ్య చట్రాన్ని గుద్దింది. దాని కళ్లలో తెల్లగుడ్డు తప్ప మరేం లేదు.

ఆర్లో పడుకున్న చోట, మొహానికి మూరెడు పైన, గడియ తాడు ఊగుతోంది.

ఆ తాడు లాగితే ఏమవుతుందో అక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు. దూడకీ తొలిచూలు పెయ్యకీ మధ్య మనిషి నిలబడి ఉండగా చట్రం తియ్యరాదని నడక రాని పిల్లలకే నేర్పుతారు. ఆర్లోకి మూత సగం పెట్టిన తన కలం గుర్తొచ్చింది. ఎడంచెయ్యి ఎత్తి తాడు లాగాడు.

గడియ ఊడింది. పెయ్య వెనక్కి వచ్చింది, తిరిగింది, దూడ కాలు పట్టుకున్న మనిషిని చూసింది.

డ్యూయేన్ తల ఎత్తేలోపు ఐదువందల కిలోల బరువు అతన్ని గేటుకి అదిమేసింది. కొమ్ములు లేని నుదురు రొమ్ములోకి దిగింది. గేటు వంగింది. వెనక్కి జరిగి మళ్లీ గుద్దింది. కింద పడ్డాక ముందుకాళ్లు మడిచి మోకాళ్లతో నూరింది. డ్యూయేన్ దాని ముక్కు మీద గుద్దాడు, తిట్టాడు, మళ్లీ గుద్దాడు. ఆ తర్వాత తిట్లు ఆగి అరుపులే మిగిలాయి. పాకుతూ ఆర్లో వైపు వచ్చాడు, కమ్మీల కింది సందు దగ్గరికి. నడుం కిందిభాగం గుడ్డలా వెనకాల ఈడ్చుకొస్తోంది.

సందులోంచి చెయ్యి బయటికి చాపాడు. "లాగు," అన్నాడు. "ఆర్లో. పట్టుకుని లాగు. అది మళ్లీ వస్తోంది."

చిట్లిన కణుపుల చెయ్యి. గుప్పిట్లో ఆర్లో బండి తాళం ఇంకా ఉంది. ఆర్లో ఎడంచెయ్యి బాగానే ఉంది. పట్టుకోవచ్చు. సందులోంచి ఒక్క గుంజు గుంజితే భుజాలవరకు వస్తాడు.

"ఆర్లో!"

ఆర్లో ఆ వేళ్లు ఒక్కొక్కటీ విప్పాడు. తాళం తీసుకున్నాడు. చెయ్యి వదిలేశాడు.

పెయ్య ఇంకో రెండుసార్లు వచ్చింది. తర్వాత దానికి ఆ మనిషితో పని లేకపోయింది. దూడ దగ్గరికి పోయి, గురగురలాడుతూ నాకడం మొదలుపెట్టింది. దాని మూతికి అంటిన నెత్తురు దూడ వీపు మీదికి వచ్చింది.

డిప్యూటీ రీస్ వచ్చేసరికి ఎండ కొట్టం తలుపు మీదికి వాలింది. అతని చేతులూ మోచేతులదాకా ఎర్రగానే ఉన్నాయి, లారీ పశువుల నెత్తురు. అతనూ పశువుల ఇంట్లో పెరిగినవాడే, గడ్డి చూపించి పెయ్యనీ దూడనీ పక్క దొడ్డిలోకి పంపి, డ్యూయేన్ మెడ మీద వేళ్లు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి లేచాడు.

"అంబులెన్సు వస్తోంది పెద్దాయనా. ఊపిరి చిన్నగా తీసుకో."

"వాడి చొక్కా జేబులో రెండు కాగితాలున్నాయి," అన్నాడు ఆర్లో. "నాకు పంపినవి. తియ్యి."

రీస్ తీశాడు. నెత్తురుకి అతుక్కుపోయిన వాటిని విడదీయబోయాడు.

"విప్పకు. చదవకు. అలాగే మడిచి నా జేబులో పెట్టు."

రీస్ అతని వైపు ఒకసారి చూసి, అలాగే మడిచి చిరగని జేబులో పెట్టాడు. తర్వాత చిన్న పుస్తకం తీసి, రాసుకుంటూ పైకే అన్నాడు, "తొలిచూలు పెయ్య. దూడ పక్కన మనిషి. చట్రం వదిలిపోయింది." చట్రం దగ్గరికి పోయి గడియ చూశాడు. గడియ బాగానే ఉంది. తాడు వెంట కళ్లు కిందికి వచ్చాయి. తాడు కొస మీద నెత్తురు వేళ్ల అచ్చులు, పక్కన ఆర్లో ఎడంచెయ్యి. మళ్లీ పుస్తకంలోకి చూసుకున్నాడు.

"పాత చట్రాలు," అన్నాడు. "వాటంతటవే వదిలిపోతాయి."

ఆర్లో తాడు వైపు చూశాడు.

"ఇతనిలాంటివాడి కోసం ఎవరూ పెద్దగా ఏడవరు. నీ పక్కటెముకలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది." రీస్ తల ఎత్తకుండా కలం మూత వేళ్లతో తిప్పాడు. "ఇంకేమన్నా ఉందా పెద్దాయనా?"

ఆ అడిగే తీరు ఆర్లోకి బాగా తెలుసు. అంతే అనిపించుకోడానికి అడిగే తీరు. మూత అప్పటికే కలం మీదికి సగం వచ్చింది.

"ఉంది," అన్నాడు ఆర్లో.

"నీకు దెబ్బలు తగిలాయి. ఇప్పుడు కాదులే, రేపు—"

"మూత తియ్యి."

రీస్ మూత తీసి, కొత్త పేజీ తిప్పాడు.

ఆర్లో మొదలుపెట్టాడు. తాడు దగ్గర్నుంచి కాదు. ఒక ఫిబ్రవరిలో లొరెట్టా పుల్ల కట్టుకుని వచ్చిన వేలు దగ్గర్నుంచి.